కట్ట తెంచొద్దు, కాలవ వెంట నడువు

అల్లుడూ,

మొన్న రాత్రి పదకొండు దాటాక నీ ఫోన్ మోగితే మీ అత్త ఉలిక్కిపడి లేచి కూర్చుంది. "ఎవరికీ ఏమీ కాలేదు, ఫ్యాక్టరీలో సర్వర్‌కు జ్వరమంట" అన్నాక గానీ తల దిండు మీద పెట్టలేదు. నీ గొంతు మాత్రం ఇంట్లో మనిషికే జ్వరమొచ్చినట్టు వణుకుతా ఉండింది. "ఫైర్‌వాల్ అప్‌డేట్ ఎక్కడం లేదు మామా. నాలుగుసార్లు కొట్టాను. ఒక్క పది నిమిషాలు ఫైర్‌వాల్ ఆపేసి చూస్తా" అన్నావు. "ఆపితే నా మీద ఒట్టే. గమ్మున పడుకో, తెల్లారి వస్తా" అని పెట్టేశాను.

తెల్లారి హోసూరులో బస్సెక్కి, శూలగిరి దాటి, కృష్ణగిరి కొండ కనబడేదాకా నీకు చెప్పాల్సిన మాటలు కూడబెట్టుకుంటూనే ఉన్నాను. తీరా వచ్చాక ఇద్దరమూ పనిలో పడ్డాం, మాటలు మిగిలిపోయినాయి. రిటైరైనవాడికి పని మిగిలితే పర్వాలేదు గానీ మాటలు మిగిలితే నిద్ర పట్టదు. అందుకే ఈ ఉత్తరం.

మా చిన్నతనంలో మా ఊరి చెరువుకు ఒక నీరుగంటి ఉండేవాడు. మీ తరానికి ఆ మాట తెలియదు. చెరువు నీళ్ళు ఏ మడికి ఎప్పుడు, ఎంతసేపు పారాలో చూసే మనిషి. కడగొట్టు మడికి నీళ్ళు రాలేదంటే ఆ మడి ఆసామి పార పట్టుకుని నేరుగా కట్ట మీదికి ఉరికేవాడు, ఒక గండి కొడితే సరి అని. నీరుగంటి అడ్డం నిలబడి నవ్వేవాడు. ఆయన నడక ఎప్పుడూ మడి దగ్గరే మొదలయ్యేది. మడవ తెరిచి ఉందా? కాలవలో పూడిక పడిందా? గట్టుకు ఎండ్రకాయ బొక్క ఏమన్నా పడిందా? పైమడివాడు రాత్రి అడ్డం వేసుకున్నాడా? తూము ఎత్తారా? ఇవన్నీ చూశాక, చిట్టచివర తలెత్తి చెరువుకేసి చూసేవాడు. దాంట్లో అసలు నీళ్ళున్నాయా అని.

హోసూరు సిప్‌కాట్ పారిశ్రామికవాడలో ఇన్నేళ్ళు కంప్యూటర్ల కొలువు చేసినందుకు నాకు నిజంగా పనికొచ్చిన చదువు ఆ నడకే. అప్‌డేట్ అంటే ఎక్కడో ఉన్న చెరువు నుంచి నీ మడికి పారాల్సిన నీరు. రాలేదంటే దారిలో ఒకచోట ఆగింది. అది ఎక్కడో నడిచి కనుక్కోవాలి. ఫైర్‌వాల్ ఆపడమంటే కట్టకు గండి కొట్టడం. నీళ్ళు వస్తాయేమో గానీ, ఊరు మిగలదు.

మొదట నీ భయం సంగతి చెప్తా. అప్‌డేట్ ఫెయిలైందనగానే గోడే కూలినట్టు అదిరిపోయావు. గోడ కూలలేదు నాయినా. లినక్స్‌లో వచ్చే పోయే ప్యాకెట్లను ఆపేదీ వదిలేదీ కెర్నెల్ లోపలుండే నెట్‌ఫిల్టర్. ఐపీటేబుల్స్, ఎన్‌ఎఫ్‌టేబుల్స్, ఫైర్‌వాల్‌డీ, యూఎఫ్‌డబ్ల్యూ, మీ దగ్గరున్న సీఎస్‌ఎఫ్, ఇవన్నీ దానికి రూల్స్ రాసిచ్చే గుమాస్తాలు. గుమాస్తాకు కొత్త పుస్తకం రాలేదని కాపలావాడు గేటు వదిలిపోడు. నిన్న రాసిచ్చిన రూల్సే ఈ రోజూ నడుస్తుంటాయి.

అట్లని కళ్ళు మూసుకుని నమ్మమనడం లేదు. అప్‌డేట్ సగం ఎక్కి ఆగిపోతే, ఈసారి రీస్టార్ట్ అయినప్పుడు ఆ గుమాస్తా లేవకపోవచ్చు, రూల్స్ లేకుండా మిషన్ పైకి రావచ్చు. కాబట్టి ఫెయిలైన వెంటనే చేయాల్సింది మళ్ళీ మళ్ళీ కొట్టడం కాదు. ఇప్పుడు నడుస్తున్న రూల్స్‌ను తెర మీద వేసి చూడు, ఐపీటేబుల్స్ సేవ్‌తో ఒక ఫైల్లో దాచుకో. ఒక్క లైను పని. అది చేశాక నీకు తొందర ఉండదు. తొందర లేనివాడికే ఆలోచన వస్తుంది.

రెండోది, ఇంగ్లీషు. "ఏదో ఎర్రర్ వచ్చింది మామా" అన్నావు. ఏదో అంటే ఏది? మనం హోసూరోళ్ళం. ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో తమిళం చదివి, అత్తిబెలె దాటితే కన్నడంలో బేరమాడి, ఫ్యాక్టరీ గేటు లోపల ఇంగ్లీషులో రిపోర్టు రాసేవాళ్ళం. ఒక మాటను ఇంకో మాటలోకి మార్చుకోవడం మనకు ఉగ్గుపాలతో వచ్చింది. ఎర్రర్ కనబడగానే మాత్రం చదవకుండా ఎందుకు మూసేస్తావు? దాన్ని పైకి చదివి, తెలుగులో నీకు నువ్వే చెప్పుకో.

'కుడ్ నాట్ రిజాల్వ్ హోస్ట్' అంటే, ఆ పేరుగల ఊరు ఎక్కడుందో చెప్పేవాళ్ళు దొరకలేదు. 'కనెక్షన్ టైమ్డ్ అవుట్' అంటే, తలుపు తట్టి తట్టి చెయ్యి నొచ్చింది, ఎవరూ పలకలేదు. 'కనెక్షన్ రెఫ్యూజ్డ్' అంటే, మనిషి పలికాడు, ఆ తలుపు మాత్రం తీయనన్నాడు. 'ఫోర్ నాట్ ఫోర్' అంటే, ఇల్లు సరే, మనుషులూ ఉన్నారు, నువ్వడిగిన సరుకు ఆ గూట్లో లేదు. 'సర్టిఫికెట్ హ్యాజ్ ఎక్స్‌పైర్డ్' అంటే, వాళ్ళు చూపించిన గుర్తింపు కార్డుకు గడువు తీరింది. 'నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైజ్' అంటే, సరుకు వచ్చింది, దించుకోవడానికి గాదెలో చోటు లేదు. ఒక్కోదానికి ఒక్కో మందు. పలకనివాడికీ, పలికి పొమ్మన్నవాడికీ ఒకే కషాయం పోస్తే ఎట్ల?

ఇంకొక మాట. తెర మీద కడపట కనబడే ఎర్రలైను చదివి ఆగొద్దు. అది చాలాసార్లు ఏడుపు మాత్రమే, దెబ్బ ఎక్కడ తగిలిందో పైన ఉంటుంది. లాగ్‌ను వెనక్కి జరిపి, మొట్టమొదట తప్పిన లైను పట్టుకో. డెబియన్, ఉబుంటు అయితే ఏపీటీ లాగ్ ఫోల్డర్లో టెర్మ్ లాగ్ ఉంటుంది. మీ సెంట్‌ఓఎస్‌లో యమ్ లాగ్ ఉంది. సర్వీసు లేవకపోతే జర్నల్‌సీటీఎల్ చెప్తుంది.

ఇక నడుద్దాం రా. మడి అంటే నీ సర్వరే. డీఎఫ్ కొట్టి డిస్కులో చోటుందా చూడు. వ్యార్ ఫోల్డరు లాగ్‌లతో నిండిపోవడం మామూలే. ఫైర్‌వాల్ ఆపిన ప్రతి ప్యాకెట్టునూ లాగ్‌లో రాయమంటే ఇంకా తొందరగా నిండుతుంది. కొన్నిసార్లు చోటు ఉన్నట్టే కనబడుతుంది, ఐనోడ్లు అయిపోయి ఉంటాయి. గోడౌన్లో స్థలముంది గానీ సరుకు రాసుకునే చిట్టాలో గీతలు అయిపోయినట్టు. బూట్ పార్టిషన్‌లో పాత కెర్నెళ్ళు పేరుకుని ఉన్నా అప్‌డేట్ సగంలో ఆగుతుంది.

లాక్ ఉందని చెప్పిందా? అంటే మడవ దగ్గర ఇంకొకరు పార పట్టుకుని ఉన్నారు. ఉబుంటులో తనంతట తానే నడిచే అప్‌డేట్ వెనకాల పని చేస్తుండవచ్చు. నెట్‌లో ఎవరో చెప్పారని ఆ లాక్ ఫైలు చెరిపేయొద్దు. ఇద్దరు ఒకే మడవలో పార వేస్తే గట్టే పోతుంది. ఎవరు నడుస్తున్నారో చూడు, అయ్యేదాకా ఆగు. నిజంగా సగంలో చచ్చిపోయిన పని అయితే డీపీకేజీకి సగం పనులు ముగించే ఆప్షన్ ఉంది, ముందు దాన్ని వాడు.

మడి బాగుంటే కాలవలోకి రా. ఇక్కడ ఒక నవ్వొచ్చే సంగతి ఉంది. చాలాచోట్ల అప్‌డేట్‌ను ఆపేది ఆ ఫైర్‌వాలే. బయటికి పోయే దారుల్లో పేర్లు అడిగే 53వ పోర్టు, సరుకు తెచ్చే 443వ పోర్టు మూసి పెట్టి ఉంటారు. కాపలావాడు తనకు ఇంటి నుంచి వచ్చిన అన్నం క్యారియర్‌నే గేట్లో ఆపేసుకున్న కత. మొన్న రాత్రి నువ్వు ఆపేస్తానన్నదీ ఈ అనుమానంతోనే అని నాకు తెలుసు. అనుమానం తప్పు కాదు, వైద్యం తప్పు. ఆపిన ప్యాకెట్ల లాగ్ చూస్తే నీ అనుమానం నిజమో కాదో రెండు నిమిషాల్లో తేలుతుంది. నిజమైతే బయటికి పోయే ఆ ఒక్క దారి తెరువు. అన్నం క్యారియర్ లోపలికి రావడానికి ప్రహరీ గోడ పడగొట్టే పని లేదు.

తరువాత గుర్తింపు. మీ సర్వర్ పాతది. లోపలి బ్యాటరీ చచ్చిపోయి, కరెంటు పోయి వచ్చినప్పుడు గడియారం ఏళ్ళ వెనక్కి పోతే, మంచి సర్టిఫికెట్ కూడా దానికి ఇంకా పుట్టని బిడ్డగా కనిపిస్తుంది. అందుకే డేట్ కొట్టి చూడటం నాకు దేవుడి పటానికి దండం పెట్టినట్టు అలవాటు. మన దేశంలో సైబర్ భద్రత చూసే సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో కంప్యూటర్ల గడియారాలను ఎన్‌ఐసీ, ఎన్‌పీఎల్ సమయంతో కలుపుకోవాలని చెప్పింది, లాగ్‌లు 180 రోజులు దాచాలనీ చెప్పింది. చాలామంది దాన్ని కాగితం పని అనుకున్నారు. గడియారం తప్పితే లాగ్‌లో ఏది ముందు జరిగిందో, ఏది వెనకో కూడా తెలియదు, ఇక వైద్యం ఏం చేస్తావు?

గడియారం సరిగ్గా ఉన్నా గుర్తింపు తప్పే రోజులుంటాయి. 2021 సెప్టెంబరు 30న లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్లకు అంతదాకా వెన్నుదన్నుగా ఉన్న ఒక పాత రూట్ సర్టిఫికెట్ గడువు తీరింది. పాత ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఉన్న మిషన్లు నిక్షేపంగా ఉన్న సైట్లను కూడా నమ్మం అని మొండికేశాయి. మందు చిన్నదే, నమ్మదగిన రూట్‌ల పొట్లాన్ని కొత్తది చేసి, గడువు తీరినదాన్ని పక్కన పెట్టడం. కొందరు తొందరలో సర్టిఫికెట్ చూడొద్దు అనే ఆప్షన్ పెట్టి సరుకు దించుకున్నారు. పని అయింది. ఆ ఆప్షన్ స్క్రిప్టులో అట్లే ఉండిపోయింది. అంటే ఆ రోజు నుంచి గేటు దగ్గర ఎవరొచ్చి ఏ పేరు చెప్పినా లోపలికి రమ్మనడమే. సంతకం సరిపోలలేదని ప్యాకేజీ మేనేజర్ చెబితే, నువ్వు ఆగి సంతోషించాల్సిన మాట అది. దాని నోరు మూయించొద్దు.

ఇంత నడిచాక తలెత్తి చెరువు చూడాలి. మీ సర్వర్‌కు ఒకటి కాదు, రెండు చెరువులు ఎండి ఉన్నాయి.

సెంట్‌ఓఎస్ 7కు 2024 జూన్ 30తో ఆయుష్షు తీరింది. అది సరుకు అడిగే మిర్రర్‌లిస్ట్ పేరునే తీసేశారు. అందుకే నీకు 'కుడ్ నాట్ రిజాల్వ్ హోస్ట్' అని వచ్చింది. నువ్వు డీఎన్‌ఎస్ చెడిందనుకుని రెండు సాయంత్రాలు రిజాల్వర్లు మార్చావు. దారి చెప్పేవాడు లేకపోయినా ఆ మాటే వస్తుంది, ఊరే ఖాళీ అయినా ఆ మాటే వస్తుంది. తేడా తెలుసుకోవడం సులువు. అదే మిషన్ నుంచి ఇంకో పేరు అడిగి చూడు. అది దొరికిందంటే దారి చెప్పేవాడు బాగున్నాడు, లేనిది ఊరే. పాత సరుకు వాల్ట్ అనే భండారంలో ఉంది, అవసరానికి తెచ్చుకోవచ్చు. అయితే అది నిలవ నీరు. అందులోకి కొత్త వాన పడదు, కొత్త రిపేర్లు రావు.

ఇక మీ సీఎస్‌ఎఫ్. బ్రిటన్‌లో వే టు ది వెబ్ అనే చిన్న కంపెనీ దాన్ని చాలా ఏళ్ళు ఉచితంగా నడిపింది. దేశదేశాల హోస్టింగ్ సర్వర్లు దాని నీడన బతికాయి. 2025 ఆగస్టు 31న ఆ కంపెనీ మూతపడింది. పోతూ పోతూ కోడ్‌ను జీపీఎల్ మూడో వెర్షన్ కింద అందరికీ వదిలిపెట్టి పోయింది, అది వాళ్ళ పెద్దరికం. మీ సర్వర్ మాత్రం రోజూ ఎండిన తూము దగ్గరికి బిందె పట్టుకుని పోయి వస్తూ ఉంది. తప్పు నీది కాదు, వాళ్ళది కాదు. మీ ఆఫీసులో ఎవరూ ఆ చెరువు కట్ట ఎక్కి చూడలేదు, అంతే.

ఇక్కడే రవంత గట్టిగా చెప్తా విను. చెరువు ఎండిందని తెలియగానే, అదే పేరుతో వేరే సైటు కనబడితే అక్కడి నుంచి దించుకోవాలనిపిస్తుంది. వద్దు. మూతపడిన కంపెనీ డొమైన్ పేరు రేపు ఎవరైనా కొనుక్కోవచ్చు. నీ సర్వర్ రోజూ ఆ పేరు పిలిచి, వచ్చినదాన్ని రూట్ చేతిలో పెట్టి నడిపిస్తే, దొంగకు గోడ దూకే కష్టం కూడా లేదు, నువ్వే అన్నం పెట్టి పిలిచినట్టు. అందుకే మొన్న పొద్దున మనం మొదట చేసిన పని ఆటో అప్‌డేట్స్‌ను సున్నా చేయడం. వదిలిన కోడ్‌ను చేపట్టి ఎవరైనా నడిపిస్తుంటే వాడొచ్చు. కాకపోతే వాళ్ళెవరు, ఎన్నాళ్ళకొకసారి రిపేరు చేస్తున్నారు, సంతకం పెట్టి ఇస్తున్నారా, ఈ మూడూ అడిగాకే. పిల్లనిచ్చే ఇంటి గురించి వాకబు చేయమా, ఇదీ అంతే.

అసలు పరిష్కారం నీకూ తెలుసు. ఇల్లు మారాలి. అల్మాలినక్స్ 9 లాంటిదానికి 2032 దాకా నీళ్ళున్నాయి, దాంట్లో ఫైర్‌వాల్‌డీ ఉంది, కింద ఎన్‌ఎఫ్‌టేబుల్స్ ఉంది. మారేటప్పుడు ఒకటి గుర్తుంచుకో. ఒక గేటుకు ఇద్దరు గుమాస్తాలను పెట్టొద్దు. పాత సీఎస్‌ఎఫ్ ఒకవైపు, ఫైర్‌వాల్‌డీ ఇంకోవైపు రూల్స్ రాస్తే, ఒకరు తెరిచింది ఒకరు మూస్తారు. డాకర్ ఉంటే అది కూడా తన రూల్స్ తాను రాసుకుంటుంది. నువ్వు మూశాననుకున్న తలుపు దాని వైపు నుంచి తెరిచి ఉండొచ్చు. అప్‌డేట్ అయ్యాక పాత కన్ఫిగరేషన్ పక్కన ఆర్‌పీఎమ్ న్యూ అనే తోకతో కొత్త ఫైలు పడి ఉందేమో వెతుకు, రెండూ పక్కపక్కన పెట్టి చదువు. నడుస్తున్న కెర్నెల్‌కు సరిపోయే మాడ్యూళ్ళు డిస్కు మీద లేకపోతే రూల్స్ ఎంత బాగున్నా ఎక్కవు. రీబూట్ అడిగితే రీబూట్ ఇవ్వు. మొండికేయొద్దు.

ఇప్పుడు నా కత. ఇన్నేళ్ళకు నీకే చెప్తున్నా, మీ అత్తకు కూడా సగమే తెలుసు.

నేను లినక్స్ నేర్చుకున్నది పీసీక్వెస్ట్ పత్రికతో వచ్చిన సీడీల నుంచి, బెంగళూరు ఎస్పీ రోడ్డులో కొన్న పాత మిషన్ మీద. 2006 ప్రాంతానికి నేను పనిచేసే యూనిట్‌లో నాకంటే తెలిసినవాడు లేడని నాకు గట్టి నమ్మకం. ఒక రాత్రి ఇంటి నుంచే ఎస్‌ఎస్‌హెచ్‌లో లోపలికి పోయి ఫైర్‌వాల్ కొత్త వెర్షన్ ఎక్కిస్తున్నా. ఎక్కలేదు. నీలాగే నాకూ బుద్ధి పుట్టింది, రూల్స్ అన్నీ ఒక్కసారి చెరిపేస్తే అడ్డం పోతుంది కదా అని. ఐపీటేబుల్స్ మైనస్ ఎఫ్ కొట్టాను. తెర గడ్డకట్టిపోయింది.

ఏమైందో అర్థమైందా, చూడు. రూల్స్ అంటే వీళ్ళను రానివ్వండి అనే చీట్లు. వాటి కింద పాలసీ అని ఒక ఉత్తర్వు ఉంటుంది, చీటీ లేనివాళ్ళను ఆపండి అని. నేను చీట్లన్నీ చించేశాను, ఉత్తర్వు అట్లే నిలిచింది. మొదట బయటపడ్డది నేనే. అర్ధరాత్రి వానలో మోపెడ్ తోసుకుంటూ సిప్‌కాట్‌కు పోయి, వాచ్‌మన్‌ను లేపి, తెల్లవారే షిఫ్టు లోపల సరిచేశాను.

అంతవరకు అది తెలియక చేసిన తప్పు. అసలు తప్పు పొద్దున చేశాను. రాత్రి సర్వర్ ఎందుకు ఆగిందని మేనేజర్ అడిగితే, "కరెంటు పోయి వచ్చింది సార్" అన్నాను. ఆయన నమ్మాడు. ఎలక్ట్రికల్ సెక్షన్‌లో ఇద్దరు పిల్లలను యూపీఎస్ చూడమన్నాడు. రెండు రోజులు వాళ్ళు బ్యాటరీలు ఒక్కొక్కటే విప్పి కొలుస్తూ కూర్చున్నారు, లేని జబ్బు కోసం. నేను ఆ పక్కనుంచే క్యాంటీన్‌కు పోయి వచ్చేవాణ్ణి. వాళ్ళిద్దరి చేతులకు అంటిన నలుపు నాకు ఇప్పటికీ కళ్ళకు కడుతుంది. గండి కొట్టింది నేను, మట్టి మోసింది వాళ్ళు.

ఆ రాత్రి నుంచి నేను పెట్టుకున్న కట్టుబాట్లు నీకిస్తున్నా. దూరం నుంచి గోడ మీద చెయ్యి వేసేముందు వెనక్కి వచ్చే దారి కట్టుకో. ఐదు నిమిషాల్లో దాచుకున్న పాత రూల్స్ తిరిగి ఎక్కేట్టు ముందే ఎట్ కమాండ్‌తో పురమాయించి, అంతా బాగుంటేనే దాన్ని రద్దు చెయ్యి. సీఎస్‌ఎఫ్‌లో టెస్టింగ్ మోడ్ పెట్టింది ఇందుకే, దాన్ని ఒకటి చేసి ఉంచితే ఐదు నిమిషాలకొకసారి తానే రూల్స్ తీసేస్తుంది, నువ్వు బయట చిక్కుకోవు. ఫైర్‌వాల్‌డీలో ఒక రూల్‌ను ఇన్ని సెకన్లే ఉంచు అని చెప్పే వీలుంది. తెరిచి ఉన్న కిటికీ పని చేస్తోంది కదా అని మురిసిపోవద్దు, అది పాత కనెక్షన్. కొత్త కిటికీ తెరిచి లోపలికి రాగలిగితేనే దారి ఉన్నట్టు. ఒక్కసారికి ఒక్కటే మార్చు, మార్చింది నోటుబుక్కులో రాయి. మూడు ఒకేసారి మార్చి బాగైతే, ఏది బాగుచేసిందో నీకే తెలియదు, మళ్ళీ వచ్చినప్పుడు మళ్ళీ గుడ్డివాడివే.

పెద్ద కంపెనీ పంపింది కాబట్టి మంచిదే అనుకోవద్దు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక్క అప్‌డేట్ ప్రపంచంలో సుమారు 85 లక్షల విండోస్ మిషన్లను పడగొట్టింది. విమానాలు ఆగాయి, ఆసుపత్రులు తడబడ్డాయి. మన హోసూరు గులాబీ రైతును చూడు. కొత్త మందు తెస్తే పాలీహౌస్ అంతా కొట్టడు. ఒక వరుసకు కొట్టి, రెండు రోజులు ఆకు రంగు చూసి, ఆ పైన మిగతావాటికి. నీకూ ఒక పనికిరాని పాత మిషన్ ఉంటుంది, దాన్ని నీ మొదటి వరుస చేసుకో.

ఇక అదను. 2017 నవంబరు ఆఖరులో మన కృష్ణగిరి డ్యామ్ షట్టరు ఒకటి విరిగి, నిలవ చేసుకున్న నీళ్ళు కిందికి పోవడం జిల్లా అంతా చూసింది. నిండిన చెరువు మీద తలుపు బాగుచేయడం ఎంత కష్టమో ఆ రోజు చిన్నపిల్లలకు కూడా తెలిసింది. మీ ఫ్యాక్టరీ చెరువు నిండేది తోతాపురి మామిడి కోతప్పుడు. కాటా ముందు ట్రాక్టర్లు బారులు తీరి, లోపల పల్ప్ మిషన్లు రాత్రింబవళ్ళు తిరుగుతుంటే, కాటా చీటీ ఒక గంట ఆగినా ఎండలో నిలబడేది రైతు, మగ్గేది కాయ. ఇప్పుడు చెట్లు పూత మీద ఉన్నాయి. పూత నుంచి కోతకు నాలుగు నెలలు. ఆ నాలుగు నెలలే నీ గడువు. ఈలోగా కొత్త సర్వర్ సిద్ధం చేసి, ఒక వారం రెండూ పక్కపక్కన నడిపి, మారిపో. కోత మధ్యలో ప్రమాదమైన లోపం ఏదైనా బయటపడితే మాత్రం సీజన్ అని వాయిదా వేయొద్దు. షిఫ్టులు మారే వేళ చూసి, దారి కట్టుకుని, ఆ ఒక్కటే చెయ్యి.

చివరగా, ఓనరు దగ్గరికి నువ్వే పో. "సార్, మన సర్వర్‌కు రిపేర్లు వచ్చే చోటు 2024లోనే మూతపడింది, మనం చూసుకోలేదు, ఇంత ఖర్చవుతుంది, ఇన్నాళ్ళు పడుతుంది" అని ఒక కాగితం మీద రాసివ్వు. తిడితే తిట్టనీ. నీ తప్పు నువ్వు చెప్పుకుంటే ఒక పూట ముఖం చిన్నదవుతుంది. దాచుకుంటే ఎవరో ఇద్దరు పిల్లలు రెండు రోజులు బ్యాటరీలు విప్పుతారు.

మీ అమ్మ నీకు జీతం పెరిగిందా అని అడుగుతా ఉంటుంది. నేను ఆ మాట అడగను. మొన్న నాలుగుసార్లు కొట్టినవాడివి, ఈసారి ఒక్కసారి కొట్టి ఆగావా అని అడుగుతా. ఏ రాత్రయినా ఫోన్ చెయ్యి, సందేహించొద్దు. కాకపోతే "ఏదో ఎర్రర్" అనొద్దు. మొదట తప్పిన లైను ఏమిటో తెలుగులో చెప్పు. అది చెప్పగలిగిన రోజున, ఆ తరువాత ఏం చెయ్యాలో నన్ను అడిగే పని నీకు ఉండదు. అయినా చెయ్యి. మీ అత్త లేచి కూర్చుంటే కాఫీ పెడుతుంది.

ఆశీస్సులతో,
మీ మామ
హోసూరు